పచ్చి ఇటుకల వరుస

పెద్దపల్లి జంక్షన్‌లో మిమ్మల్ని దించి రైలు బల్లార్షా దిక్కుకు కదిలిపోయేసరికి రాత్రి రెండున్నర. జనవరి నెల. బెంచీ కింద రెండు కుక్కలు ఒకదాన్నొకటి చుట్టుకుని పడుకున్నాయి. చాయ్ స్టాలు మూసి ఉంది. మెడలో కెమెరా, భుజాన సంచి, ఏమీ కట్టుకోని చెవుల్లో చలి. ఆకలి మీద ఫొటోలు తీయడానికి వెళ్తున్నానని హైదరాబాద్‌లో బయల్దేరేటప్పుడు ఇంట్లో చెప్పారు. ఆ మాట ఇప్పుడు ఈ ఖాళీ ప్లాట్‌ఫారం మీద గుర్తొస్తే కొంచెం ఎబ్బెట్టుగా ఉంది.

స్టేషన్ బయట బైకు మీద ఒకతను ఎదురుచూస్తున్నాడు. ఊళ్లో ఫొటో స్టూడియో ఉంది అతనికి. పెళ్లిళ్లు, శారీ ఫంక్షన్లు, పాస్‌పోర్టు సైజులు. ఎప్పుడైనా పత్రికవాళ్లు అడిగితే ఒక ఫొటో పంపుతాడు.

"అన్నా, మంకీ టోపీ తెచ్చుకోలేదానే? చెవులు గడ్డగట్టుకపోతయ్." తన మఫ్లరు విప్పి మీ చేతిలో పెడతాడు. వద్దంటే వినడు.

బైకు రాజీవ్ రహదారి ఎక్కుతుంది. బొగ్గు లారీలు దాటిపోయినప్పుడల్లా సన్నటి నలుసులు ముఖానికి తగులుతాయి. ఉత్తరాన రామగుండం వైపు ఆకాశం అంచు పచ్చగా వెలిగి ఉంది. అక్కడ 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ ప్లాంటు రాత్రీ పగలూ బొగ్గు తింటూనే ఉంటుంది. తిన్నాక మిగిలే బూడిదలో కొంత ఇటు వచ్చి ఇటుకల్లో కలుస్తుంది. చెరువు మట్టి, ఎన్టీపీసీ బూడిద, సింగరేణి బొగ్గు. మూడూ చేతికందే దూరంలో ఉన్నాయి కాబట్టి పెద్దపల్లి చుట్టూ బట్టీలు పుట్టాయి. ఇక్కడ దొరకనిది ఒక్కటే, ఆ మట్టిని పిసికే చేతులు. అవి పశ్చిమ ఒడిశా నుంచి, బొలంగీర్, నువాపడా, కలహండి జిల్లాల నుంచి, దసరా దాటాక కుటుంబాలకు కుటుంబాలే రైలెక్కి వస్తాయి. వానలకు ముందు మళ్లీ రైలెక్కుతాయి.

మట్టిబాట మొదలైన చోట అతను బైకు ఆపేస్తాడు.

"ఇక్కడికెళ్లి నడుసుడే. ఫ్లాష్ కొట్టకన్నా. కండ్లల్ల వడితే పనాగుతది. పనాగితే వాళ్లకే లాసు."

కర్రకు వేలాడే ఒక్క బల్బు. దాని కింద నడుం ఎత్తు మట్టి కుప్ప, దాని ముందు చదును చేసిన నేల. మగమనిషి మోకాళ్ల దాకా బురదలో దిగి పారతో తిప్పుతున్నాడు. సాయంత్రం నానబెట్టిన మట్టి అది. ఈ చలిలో ఆ బురద ఎంత చల్లగా ఉంటుందో తెలుసుకోవాలని మీరు ఒక వేలు ముంచుతారు. వెంటనే తీసేస్తారు. అతను చూసి నవ్వుతాడు.

ఆడమనిషి గొంతుక్కూర్చుని అచ్చు పడుతోంది. ఒక్కసారి దగ్గరికి జరిగి చూడండి, అచ్చంగా చేతుల్నే చూడండి. పక్కనున్న బురద ముద్దలోంచి రెండు చేతులా ఒక ఉండ తీస్తుంది. తూకం వేయదు, కానీ ప్రతి ఉండా ఒకటే కొలత. పొడి బూడిదలో ఒక్కసారి దొర్లిస్తుంది. అచ్చులోకి ధప్పున విసురుతుంది. మెల్లగా వేస్తే మూలలు నిండవు. బొటనవేళ్లతో నాలుగు మూలలూ అదిమి, అరచేత్తో పైన గీకి, మిగిలిన మట్టిని ముద్ద మీదికి తిరగేస్తుంది. అచ్చు ఎత్తి రెండడుగులు జరిగి బోర్లించి, ఊపిరి బిగపట్టినంత సేపు ఆగి పైకి లాగుతుంది. సర్రుమని ఒక చప్పుడు. నేల మీద నాలుగు మూలల తడి దిమ్మ, మూడు కిలోల పైమాటే. అప్పటికే చేతులు తర్వాతి ఉండ మీదికి వెళ్లిపోయాయి.

ఆ పక్కన ఎనిమిదో తొమ్మిదో ఏళ్ల పిల్ల. ఖాళీ అచ్చులో బూడిద చల్లుతుంది, నిన్నటి ఇటుకలు ఆరేందుకు వాటిని పక్కకు తిప్పి నిలబెడుతుంది. నిద్రలో ఉందేమో అనిపిస్తుంది, చేతులు మాత్రం మేలుకునే ఉన్నాయి. దళారులు, బట్టీల వాళ్లు కూలీల్ని మనుషుల లెక్కన మాట్లాడుకోరు. మొగుడు, పెళ్లాం, ఒక పిల్ల కలిస్తే ఒక 'పథురియా'. అడ్వాన్సు ఇచ్చేది పథురియాకే, ఇటుకలు లెక్కపెట్టేదీ పథురియాకే. ఈ పిల్ల పేరు ఏ హాజరు పట్టీలోనూ ఉండదు. కానీ ఈమె లేకపోతే పథురియా పూర్తి కాదు.

ఐఎస్‌వో 6400 పెట్టి, మోచేతులు పొట్టకు ఆనించి, మీరు కొన్ని ఫ్రేములు తీస్తారు. వెనకాల తెర మీద చూసుకుంటారు. ఆమె ముఖం నిండుగా ఉంది. ముక్కుపుడక మెరుస్తోంది. మగమనిషి భుజాలు పహిల్వాను భుజాల్లా ఉన్నాయి. ఫొటో బాగుంది. కానీ మీరు వచ్చిన పని ఇందులో లేదు. దీన్ని చూసినవాళ్లు కష్టజీవులు అనుకుంటారు, అంతే. ఏ కేలండర్‌లోనైనా వేసుకోవచ్చు.

"ఆకలి కనవడతలేదు కదనే?" స్టూడియో తమ్ముడు మీ భుజం మీదుగా తెరలోకి చూస్తూ అంటాడు. "నాక్కూడా మొదాట్ల గట్లనే అయింది."

ఆకలి ఎలా కనబడాలో మనకు నేర్పిన ఫొటోలున్నాయి. ఆ పాఠం దాదాపు 150 ఏళ్ల కిందటిది. 1876లో వానలు తప్పాయి. మన పెద్దలు ధాత కరువు అన్నది దాన్నే. కర్నూలు, బళ్లారి, కడప, నెల్లూరు జిల్లాలు ఎండిపోయాయి. మద్రాసు అశ్వికదళంలో అధికారి విల్లోబీ వాలెస్ హూపర్ కెమెరా స్టాండు తీసుకుని కరువు శిబిరాల్లోకి వెళ్లాడు. అతను తీసినవి చూశారా ఎప్పుడైనా? చూస్తే మరవలేరు. ఎముకల గూళ్లలాంటి మనుషులు, ఒళ్లో తల నిలపలేని పిల్లలు. కానీ కాసేపు చూశాక ఇంకొకటి పొడుచుకొస్తుంది. వాళ్లను కూర్చోబెట్టిన తీరు. ముందు పిల్లలు, వెనక పెద్దలు, పక్కన నిలబడగలిగినవాళ్లు. స్కూలు గ్రూపు ఫొటో. ఆ రోజుల్లో ప్లేటు మీద బొమ్మ పడాలంటే కదలకుండా ఉండాలి. కదలడానికి ఓపిక లేని వాళ్లు దొరికారు కాబట్టి పని తేలికైంది అని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు, కానీ నిజం అదే. ఫొటో అయ్యాక వాళ్లకు తిండి పెట్టకుండానే పంపించేశాడన్న అపవాదు హూపర్‌ను వదల్లేదు. అదెంత నిజమో గానీ, అదే మనిషి 1886లో మాండలేలో మరణశిక్ష పడినవాళ్లను కాల్చే వేళకు, తన ప్లేటు సిద్ధమయ్యేదాకా తుపాకులు ఆపించాడన్న ఆరోపణ మీద విచారణ ఎదుర్కొన్నాడు.

ఇటువైపు నిజాం రాజ్యం. అప్పటికి కరీంనగర్ జిల్లా పేరు ఎలగందల. ఆరో నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్ దయాళ్, ముసవ్విర్ జంగ్ అని బిరుదు పొందినవాడు. దర్బార్లు, పులివేటలు, చౌమహల్లా అద్దాలు ఆయన కెమెరాలో పడ్డట్టు ఇంకెవరి కెమెరాలోనూ పడలేదు. 1899-1900 కరువులో ఆయన స్టూడియో ఔరంగాబాద్ వెళ్లి సహాయ పనుల్ని ఫొటోలు తీసింది. ఔరంగాబాద్ కూడా అప్పుడు మన రాజ్యమే. ఆ బొమ్మలు వైస్రాయ్ కర్జన్ సేకరణలో చేరి ఇప్పుడు లండన్‌లో, బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. గోచీలు మాత్రమే కట్టుకున్న యువకులు వరుసగా నిలబడి ఉన్న ఫొటోల పేరు చూడండి: కృశించిన దేహాల రకాలు. రకాలు! వడ్లలో రకాలు, బట్టల్లో రకాలు అంటాం చూడండి, అలాగ. దొరగారికి ఖర్చు లెక్క చెప్పుకునే ఆల్బమ్ అది. దర్బారులో ఉమ్రావుల్ని నిలబెట్టిన చెయ్యే వాళ్లనూ నిలబెట్టింది.

అప్పట్నుంచి కెమెరా పట్టుకున్న ప్రతివాడూ పక్కటెముకలు వెతుకుతూనే ఉన్నాడు. సూడాన్‌లో ఆకలితో కూలబడ్డ పిల్లాడి వెనక రాబందు కూర్చున్న ఫొటో కథ అందరికీ తెలిసిందే, మళ్లీ చెప్పను. మీరూ ఇప్పుడు ఈ బట్టీ దగ్గర అదే వెతుకుతున్నారు. దొరకదు. ఎందుకంటే ఈ ఆకలి ఇక్కడ బక్కచిక్కి లేదు. ముందే అమ్ముడుపోయి వచ్చింది.

నాలుగున్నరకు మగమనిషి బురదలోంచి బయటికొచ్చి బీడీ వెలిగిస్తాడు. ఆరు సీజన్ల నుంచి వస్తున్నాడట, తెలుగు కొద్దికొద్దిగా వచ్చు.

"సార్, ఫొటో ఎందుకు?"

మీరు ఏదో చెప్పబోతారు. నలుగురికీ తెలియాలని, ప్రభుత్వం చూడాలని. అతను తలూపుతాడు, నమ్మినట్టు కాదు, విన్నట్టు.

అడిగితే లెక్క చెప్తాడు. ఒక ఎకరం కూడా లేని మెరక భూమి. వాన మీదే పంట, ఏడాదికి ఒక్కటే, అది కూడా వస్తేనే. మన వినాయక చవితి మర్నాడు వాళ్లకు నువాఖాయ్. కొత్త బియ్యం వండి దేవతకు పెట్టి తినే పండుగ. కొత్త బట్టలు కావాలి, కొత్త బియ్యం కొనైనా తేవాలి. సరిగ్గా అప్పుడే కూలీల్ని కుదిర్చే సర్దార్ వస్తాడు, నోట్ల కట్టతో. కొత్త అన్నం తినే పండుగ రోజునే రాబోయే ఏడెనిమిది నెలల చేతులు అమ్ముడవుతాయి. డబ్బు ఊళ్లోనే అయిపోతుంది, పాత అప్పుకీ పెళ్లి బాకీకీ. ఆ తర్వాత కాంటాబాంజీ స్టేషన్, జనరల్ బోగీ, పెద్దపల్లి. ఇక్కడ దిగిన మొదటి రోజు నుంచీ చేసే ప్రతి ఇటుకా ఆ అప్పులోంచి తగ్గుతూ పోవాలి. వెయ్యి ఇటుకలకు ఇంత అని రేటు. వారం వారం తిండి ఖర్చులకు కొంత ఇస్తారు, అదీ అప్పులోనే చేరుతుంది. విరిగినవి, వంకర పోయినవి, వానకు కరిగినవి లెక్కలోకి రావు.

"ఎన్ని చేస్తరు రోజుకు?"

"వెయ్యి. ఎక్కువ కూడా. మున్షీ పుస్తకం వేరే, నా పుస్తకం వేరే." బీడీ పారేసి బురదలోకి దిగిపోతాడు.

ఇప్పుడు చెప్పండి, దేన్ని ఫొటో తీస్తారు? అడ్వాన్సుకు ముఖం లేదు. వెయ్యికి ఇంత అన్న రేటు మీద వెలుతురు పడదు. ఊళ్లో తాళం వేసి ఉన్న ఇల్లు 500 కిలోమీటర్ల అవతల ఉంది.

ఒక్కోసారి ఆ అడ్వాన్సు కనబడుతుంది, కనబడితే దేశం అదిరిపడుతుంది. 2013 డిసెంబరులో, అడ్వాన్సు తీసుకున్న గుంపులో మిగతావాళ్లు పారిపోయారన్న కోపంతో దళారులు కలహండి కూలీలిద్దరి కుడిచేతులు మణికట్టు దగ్గర నరికేశారు. కట్లు కట్టిన ఆ మొండి చేతుల ఫొటోలు పత్రికల్లో వచ్చాయి, సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. పరాయి రాష్ట్రానికి వెళ్లే కూలీల కోసం 1979లోనే దేశమంతటికీ చట్టం వచ్చింది. దానికి నాలుగేళ్ల ముందే, 1975లో, దాదన్ (అడ్వాన్సు) కూలీల పేరుతో ఒడిశా తన చట్టం తాను చేసుకుంది. చట్టం ఉండగానే ఆ రెండు చేతులూ తెగాయి. ఇప్పుడు మీ ముందు పనిచేస్తున్న చేతులు మాత్రం నిండుగా ఉన్నాయి. నిండు చేతుల్ని ఏ కోర్టూ చూడదు.

ఆరు గంటలకు తూర్పు తెల్లబడుతుంది. మీరు అనుకోకుండా కిందికి చూస్తారు. రాత్రి చేసిన ఇటుకల్లో ఒకదాని మీద అయిదు వేళ్లు. పిల్ల తూలి పడబోయి చెయ్యి ఆనించిందేమో. చిటికెన వేలు సరిగా పడలేదు, సగమే ఉంది. అరచేతి గీతలు కూడా కనబడుతున్నాయి. మోకాళ్ల మీద కూర్చుని, లెన్సు ఒక అడుగు దూరంలో పెట్టి తీస్తారు. ఎండ ఏటవాలుగా పడితే వేళ్ల గుంటల్లో నీడ నిలుస్తుందని సూర్యుడు వచ్చేదాకా ఆగి మళ్లీ తీస్తారు. ఈ ఇటుక బట్టీలో కాలాక ఆ అయిదు వేళ్లూ అలాగే గట్టిపడతాయి. హైదరాబాద్‌లో ఏ మూడో అంతస్తు గోడలోనో ప్లాస్టరింగ్ కింద ఉంటాయి.

ఇది తీస్తుంటే మీకు ఔరంగాబాద్ మళ్లీ గుర్తొస్తుంది. దీన్ దయాళ్ కాదు, ఈసారి 2020 మే 8. లాక్‌డౌన్‌లో జాల్నా ఇనుప కర్మాగారం నుంచి సొంతూళ్లకు నడిచి పోతూ మధ్యప్రదేశ్ కూలీలు రైళ్లు తిరగడం లేదనుకుని పట్టాల మీదే నిద్రపోయారు. ఔరంగాబాద్ దగ్గర కర్మాడ్‌లో తెల్లవారుజామున గూడ్సు బండి వచ్చింది. 16 మంది. ఆ మర్నాడు దేశమంతా చూసిన ఫొటోలో ఒక్క శవం లేదు. కంకర మీద, పట్టాల మధ్య చెదిరిన రొట్టెలు. దారిలో తిందామని చేసి మూట కట్టుకున్నవి. గుండ్రంగా, పల్చగా, మనింట్లో చేసినట్టే ఉన్నాయి. 120 ఏళ్ల తేడాతో అదే జిల్లాలో తీసిన రెండు బొమ్మలు. ఒకదాంట్లో ఆకలిగొన్న ఒళ్లు తప్ప ఇంకేం లేదు, వాళ్ల పేర్లూ లేవు, తిండీ లేదు. రెండోదాంట్లో తిండే ఉంది, తినేవాళ్లు లేరు. మొదటిది చూస్తే జాలి పుడుతుంది, చూపు పక్కకు తిప్పుకోవాలనిపిస్తుంది. రెండోది చూస్తే ఎవరు చేశారు, ఎప్పుడు బయల్దేరారు, రైలు ఎందుకు లేదు అని అడగబుద్ధవుతుంది. నాకైతే రెండోదే బలమైన ఫొటో.

ఎనిమిదిన్నరకు బట్టీ లెక్కలు రాసే మున్షీ వస్తాడు, స్వెటర్ మీద తువ్వాల, చంకలో పొడుగు పుస్తకం.

"ఎవలు సార్ మీరు? ఏ పేపరు?" మర్యాదగానే అడుగుతాడు. "ఇక్కడ ఆకలేమున్నది సార్? వారం వారం ఖర్సులిస్తున్నం. నూకలిస్తున్నం. రోగమొస్తే దవఖానకు తీస్కపోతున్నం. మీరొచ్చి ఫొటో గుంజి, కరువని రాస్తరు. ఒడిశోళ్లకు మేం పనియ్యకుంటే అక్కడ ఏం తింటరు, అడుగుండ్రి."

అందులో అబద్ధం తక్కువే. చిక్కంతా అక్కడే ఉంది. కరువు అనే మాట ఎప్పుడూ పై నుంచి రావలసిందే. 1943లో కలకత్తా వీధుల్లో జనం రాలిపోతుంటే కరువు వచ్చిందని ప్రభుత్వం ప్రకటించలేదు. ప్రకటిస్తే తిండి పెట్టాల్సి వస్తుంది. యుద్ధకాలపు నిబంధనలతో పత్రికలు ఆ మాట రాయడానికి జంకాయి. ఆ ఆంక్షలు ఫొటోల దాకా రాలేదని గమనించిన సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్, ఆ సంవత్సరం ఆగస్టు 22 ఆదివారం నాడు స్టేట్స్‌మన్‌లో ఫుట్‌పాత్‌ల మీది మనుషుల ఫొటోలు అచ్చు వేశాడు. అది తెల్లవాడి పత్రిక, సర్కారుకు దగ్గరిది. లండన్‌కూ ఢిల్లీకీ ఇక దాచే వీల్లేకపోయింది. అంతకు ముందు అక్షరాల్లో రానిది ఏదీ ఆ ఫొటోల్లో లేదు. లేదంటున్న దాన్ని ఉందని చూపించాయి, అంతే. ఆ రోజుల్లోనే సునీల్ జానా అనే పాతికేళ్లు నిండీ నిండని కుర్రాడు కమ్యూనిస్టు నాయకుడు పి.సి.జోషి వెంట బెంగాల్ పల్లెలు తిరుగుతూ పార్టీ పత్రిక కోసం తీసిన బొమ్మలు వేరే దారిన జనంలోకి వెళ్లాయి.

మీరు మున్షీతో ఇదంతా చెప్పరు. అతనూ జీతగాడే. "బట్టీ మొత్తం ఒక ఫొటో తీసుకుని పోతం" అని మాత్రం అంటారు. అతనికి అది నచ్చుతుంది.

"మట్టి కుప్పెక్కు అన్నా, పైకెళ్లి తీస్తే అన్నీ వస్తయ్," అంటాడు స్టూడియో తమ్ముడు. ఎక్కుతారు. పైనుంచి ఆ కుటుంబం రాత్రంతా పరిచిన నేల మొత్తం కనబడుతుంది, బూడిదరంగు ఇటుకలు బారులు బారులుగా, గీత గీసినట్టు. ఎండ పైకొచ్చేసింది, కాంతి చప్పగా ఉంది. మనుషులు మూలకు చీమల్లా ఉన్నారు. ఒకటి తీసి దిగిపోతారు. ఇది ఎవరూ వేయరని మీకు తెలుసు.

దిగాక ఆడమనిషి మొదటిసారి మాట్లాడుతుంది, మొగుడితో, వాళ్ల భాషలో. అందులో మీకు అర్థమైన మాట ఒక్కటే. ఫొటో. మన భాషలోనూ వాళ్ల భాషలోనూ ఒకటే మాట.

"ఇస్తావా అని అడుగుతోంది," అంటాడతను.

ఇస్తానంటారు. అందరూ అనేదే అది. 1936 మార్చిలో కాలిఫోర్నియాలో, బఠాణీ పంట మంచుకు పోయి పనిలేక ఆగిపోయిన వలస కూలీల గుడారం ముందు డొరొతియా లాంజ్ ఒక తల్లిని, పిల్లల్ని ఫొటో తీసింది. పత్రికలో రాగానే ప్రభుత్వం ఆ శిబిరానికి 20,000 పౌండ్ల తిండి పంపింది. తిండి చేరేసరికి ఆ తల్లి పిల్లల్ని తీసుకుని ఇంకో ఊరికి పనికి వెళ్లిపోయింది. ప్రపంచంలో అంతగా అచ్చయిన తల్లి ముఖం ఇంకోటి ఉండదేమో. ఆమె పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 40 ఏళ్లు దాటాక. ఆ ఫొటో వల్ల తనకు పైసా రాలేదని అప్పుడు చెప్పింది. వేల మందికి అన్నం పెట్టిన ఫొటో అది, కాదనను. ఆమెకు మాత్రం పెట్టలేదు.

రోడ్డు మీద చాయ్ హోటల్ దగ్గర ఆగుతారు. పొయ్యి దగ్గరున్న పెద్దాయన మీ ప్యాంటుకు అంటిన మట్టి చూసి, అడక్కుండానే ఎక్కడ్నుంచి వస్తున్నారో గ్రహిస్తాడు.

"నేను దుబాయ్‌ల పన్నెండేండ్లు జేసిన సార్. కంపెనోడు పాస్‌పోర్టు గుంజుకుండు, అప్పు తీరెదాక ఇంటికి రాలే. వీళ్లకు పాస్‌పోర్టు లేదు, గంతే ఫరకు." అల్లం దంచి వేస్తాడు. "ఆ దుబాయ్ పైసలతోటే ఇల్లు కట్టిన. ఇటుక వీళ్లదే."

ఊళ్లో చేతులు గల్ఫుకు పోతే ఆ ఖాళీలోకి బొలంగీర్ చేతులు వచ్చాయి. సిరిసిల్ల నేతన్నలు భివండీ పోయిన సంగతి, కరువు ఏళ్లలో ఇక్కడి పల్లెలే ఖాళీ అయిన సంగతి మీకు ఎవరూ గుర్తుచేయక్కర్లేదు. పత్తి రైతుల చావుల రోజుల్లో, 1998 ప్రాంతంలో, వరంగల్, కరీంనగర్ ఎడిషన్లలో రోజూ ఒకే ఫొటో వచ్చేది. గడప దగ్గర భార్య, ఆమె చేతుల్లో చనిపోయిన భర్త పటం. ఫొటోలో ఫొటో. ఆ లోపలి ఫొటో ఏ స్టూడియోలోనో పాస్‌పోర్టు సైజు కోసం తీసిందే, పెద్దది చేయిస్తే ముఖం కొంచెం మసకబారేది. ఆ ముఖాలన్నీ కలిసిపోయాయి మనకు. ఏ పురుగుమందు కొట్టులో ఎంత బాకీ ఉందో ఎవరి ఫొటో కింద చదివామో ఇప్పుడు చెప్పగలమా?

"తమ్మీ, నీ దగ్గర చిన్న నోట్‌బుక్కుందా?" అని అడుగుతారు. స్టూడియో రసీదు పుస్తకం ఇస్తాడు. దాని వెనక రాయడం మొదలుపెడతారు. రాత్రి మూడు నుంచి ఉదయం తొమ్మిది. అచ్చు పట్టినది ఒకరు. పిల్ల ఎత్తు, మీ చొక్కా మూడో గుండీ దాకా. ఇది మీ తెలివి కాదు. అమెరికాలో 1908 నుంచి మిల్లుల్లో, గనుల్లో పనిచేసే పిల్లల్ని ఫొటోలు తీసిన లూయిస్ హైన్ చేసిన పని. కోటు గుండీలతో పిల్లల ఎత్తు కొలిచి, జేబులో చెయ్యి పెట్టుకునే వయసూ పేరూ రాసుకునేవాడు, యజమానికి కనబడకుండా. ఆ ఫొటోలు చట్టసభల దాకా వెళ్లి నిలబడ్డాయంటే ఆ పిల్లల కళ్ల వల్ల మాత్రమే కాదు, కింద రాసిన వయసు వల్ల.

ఎనిమిది రోజుల తర్వాత మీరు మళ్లీ వస్తారు. ఈసారి పగటి బండికి. స్టూడియోలో ప్రింట్లు సిద్ధంగా ఉన్నాయి. తల్లి ముఖం, బల్బు వెలుతుర్లో ముక్కుపుడక, చాలా బాగా వచ్చింది. వేళ్ల ముద్ర ఫొటోకు తమ్ముడు ల్యామినేషన్ కూడా చేయించాడు. కవర్లో మూడోది కూడా ఉంది, కుప్ప మీదినుంచి తీసిన చప్పటి ఫొటో, పన్నెండు బై పదిలో.

"ఇదెందుకురా?"

"పెండ్లిల గ్రూపు ఫొటో ఉండాలె కదనే," అని నవ్వుతాడు.

బట్టీ దగ్గర ట్రాక్టరు నిలబడి ఉంది. మున్షీ నీడన కుర్చీ వేసుకుని ఉన్నాడు. బట్టీల దగ్గర ఒడియా పుస్తకాలతో నడిపే బడులున్నాయి కదా, పిల్ల అక్కడికి పోయిందట. ఆడమనిషి చేతులు చీరకు తుడుచుకుని కవరు అందుకుంటుంది. తన ముఖం ఉన్న ఫొటో చూస్తుంది, ఒక్క నవ్వు, మొగుడికి ఇచ్చేస్తుంది. వేళ్ల ముద్ర ఫొటోను అటూ ఇటూ తిప్పి ఏమిటన్నట్టు మీ వైపు చూస్తుంది. చెప్తే తలూపి, దాన్నీ ఇచ్చేస్తుంది.

మూడోది చేతిలో ఉండిపోతుంది. దగ్గరికి పట్టుకుంటుంది. వెలుతురు కోసం పక్కకు తిరుగుతుంది. చూపుడు వేలుకు మట్టి ఉంది. దాన్ని ఫొటో మీద ఆనించకుండా కొంచెం పైన పట్టుకుని కదిలిస్తుంది, పెదవులు కదుపుతూ. మొగుడితో గబగబా ఏదో అంటుంది. అతను గుడిసెలోకి దూరి ప్లాస్టిక్ కవర్లో చుట్టిన చిన్న పుస్తకం తెస్తాడు. ఆ తారీఖు ఎక్కడుందో పేజీలు తిప్పుతాడు.

మున్షీ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

ఆమె వేలు ఏడో వరుస దగ్గర ఆగుతుంది. మళ్లీ మొదటి వరుసకు వస్తుంది.